మూడు చుక్కల గుర్తు

తిరుమలగిరి దాటాక వచ్చే చెరువు కట్ట మీద, సరిగ్గా మలుపు దగ్గర, స్టీరింగు మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. ముందు వేళ్ళలో చిన్న వణుకు. తర్వాత మణికట్టు దాకా పాకింది. ఆ తర్వాత అవతలి నుంచి ఎవరో పట్టి గుంజుతున్నట్టు కుడికీ ఎడమకూ కొట్టుకుంది. యెషయా బ్రేకు తొక్కలేదు. తొక్కితే బండి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. గేరు తగ్గించి, రెండు మోచేతులూ స్టీరింగుకు ఆనించి, ఛాతీతో కూడా అదిమిపట్టి, బండి తనంతట తాను అలిసిపోయేదాకా ఓపిక పట్టాడు. ముందు టైరు కట్ట అంచున ఉన్న కంకరను కిందికి తోసింది. రాళ్ళు నీళ్ళలో పడ్డ చప్పుడు లోపలున్న అందరికీ వినబడింది.

వెనక బల్ల మీద నొప్పులు పడుతున్న బాలమ్మ ఆ ఒక్క క్షణం నొప్పి కూడా మరిచిపోయి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆమె భుజాన్ని ఒక చేత్తో, మందుల పెట్టెను ఇంకో చేత్తో పట్టుకున్న నర్సు మేబెల్ ముందుకు వంగి అడిగింది.

"యెషయన్నా, ఏందిది? మొన్ననే గద బాగు చేయించింది?"

"మొన్న గాదు సిస్టర్. ఎనిమిది దినాలాయె," అన్నాడు యెషయా.

అక్కడినుంచి సికింద్రాబాదు మిషన్ దవాఖానా దాకా బండిని మనిషి నడకన నడిపించాడు. వెనకనుంచి వచ్చిన ఎడ్లబండివాడు దాటిపోతూ జాలిగా చూశాడు. బాలమ్మకు దవాఖానా చేరిన గంటలోపల కొడుకు పుట్టాడు. వాడి అదృష్టం బాగుంది. యెషయా అదృష్టం సంగతి మేనేజరు రిచర్డ్ గారి గదిలో తేలవలసి ఉంది.

రిచర్డ్ గారు చెడ్డవాడు కాడు. చెడ్డవాడే అయితే యెషయాకు పని తేలికయ్యేది, లోలోపల తిట్టుకుని ఊరుకునేవాడు. ఆయన పద్ధతిగా కుర్చీ చూపించి, కూర్చోమని, కళ్ళజోడు తుడుచుకుంటూ మాట్లాడే మనిషి.

"యెషయా, కోప్పడటం లేదు. ఉన్నమాట అడుగుతున్నాను. రెండు కింగ్‌పిన్నులూ, వాటికి తొడిగే బుష్షులూ కొత్తవి వేశానని నోవహు గారు బిల్లు ఇచ్చారు. తీసేసిన పాతవి నీ చేతికే ఇచ్చారు. ఇచ్చారా, లేదా?"

"ఇచ్చిండ్రు సార్."

"మరి కొత్త పిన్నులు ఎనిమిది రోజుల్లో అరిగిపోతాయా?"

ముందు చక్రం అటూ ఇటూ తిరిగేది జానెడు పొడవుండే ఆ ఉక్కు కడ్డీని పట్టుకునే. అది అరిగితే చక్రం ఊగుతుంది, చక్రం ఊగితే బండి ఊగుతుంది. కొత్తది ఎనిమిది రోజుల్లో అరగదు. ఆ సంగతి ఇరవై రెండేళ్ళు బండి తోలిన తనకు చెప్పాలా?

"ఆయనేమంటున్నారంటే," అని రిచర్డ్ గారు కొంచెం ఇబ్బందిగా బల్ల మీది కాగితాలు సర్దారు, "డ్రైవరుకు వయసొచ్చింది, గుంటలు చూసుకోకుండా తోలుతున్నాడు, చేతుల్లో పట్టు తగ్గింది అంటున్నారు. ఎల్లుండి శనివారం కమిటీ. ఆయన్నీ రమ్మన్నాను. మిలిటరీ బండ్లు తోలినవాడు ఒకడు అర్జీ పెట్టుకుని ఉన్నాడు. గర్భిణీ మనుషులు ఎక్కే బండి, యెషయా. నా మీద మాత్రం కోపం పెట్టుకోకు."

కోపం పెట్టుకునే ఓపిక కూడా లేక యెషయా లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. అతని చేతులు నిజంగానే వణుకుతున్నాయి. వయసుకో, కట్ట మీది భయానికో అతనికే తెలియలేదు.

బోయిగూడలో ఇంటికి నడుస్తున్నంతసేపూ నోవహు గారి గరాజే కళ్ళముందు మెదిలింది. రంగు బోర్డు, ఎదురుగా తాడు, తాడుకు ఇవతల గిరాకీలు కూర్చునే బల్ల. ఆ రోజు పని జరుగుతుంటే యెషయా అలవాటుగా తాడు దాటి లోపలికి వెళ్ళబోయాడు. "లోపలికి రాకూడదు బాబూ, పనివాళ్ళకు అడ్డం," అని నోవహు గారు నవ్వుతూ భుజం మీద చెయ్యి వేసి బల్ల దాకా తీసుకొచ్చి, టీ తెప్పించాడు. చర్చి సంఘంలో మూడో వరసలో కూర్చుని గుడి పైకప్పు అదిరేటట్టు పాడే మనిషి. రేటు చెప్పినప్పుడు నిజాం హాలీ రూపాయల్లో చెప్పి, బిల్లు మాత్రం వాటికంటే విలువైన ఇంగ్లీషు కల్దారులో రాశాడు. రిచర్డ్ గారు అదేమని అడగలేదు, సొంత సంఘం మనిషి కదా. సాయంత్రం పాత సామాను కొత్త పసుపుపచ్చ గుడ్డలో మూటగట్టి, దానం చేస్తున్నట్టు యెషయా చేతిలో పెట్టాడు.

ఆ మూటను యెషయా విప్పలేదు. విప్పే అలవాటు లేదు. పదిహేనేళ్ళుగా చిలకలగూడ అల్లాఉద్దీన్ మేస్త్రి ప్రతిసారీ పాత సామాను మూటగట్టి "నీ అమానత్ నీకు ముట్టింది, నీ సొత్తు నీదే" అని ఇచ్చేవాడు. ప్రతిసారీ యెషయా దాన్ని సీటు కిందికి తోసేవాడు. తన ఎదురుగా విప్పి, తన చేత్తోనే పానాలు అందుకుని, తన ఎదురుగా బిగించిన పనికి మళ్ళీ మూట విప్పి చూసుకోవడం ఎందుకు?

అల్లాఉద్దీన్ షెడ్డు ముందు మిషన్ బండి ఆగి రెండు నెలలు దాటింది. సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చి నిజాం రాజ్యం ముగిసిన మరుసటి వారమే రిచర్డ్ గారు పిలిచి చెప్పారు, ఇక మన బండి అక్కడ ఆగకూడదని. అల్లాఉద్దీన్ తమ్ముడు రజాకార్ల లారీ తోలాడని జైల్లో ఉన్నాడు. బాగుచేతకు వచ్చిన లారీని, దానితోపాటు తమ్ముణ్ణీ తుపాకులు చూపించి వాళ్ళు తీసుకుపోయిన సంగతి చిలకలగూడ అంతా చూసింది. చూసినవాళ్ళెవరూ చెప్పలేదు. యెషయా కూడా చెప్పలేదు. "సరే సార్" అన్నాడు.

ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే భార్య ప్రేమమణి ముఖం చూసి పట్టేసింది.

"ఏందీ, గట్లున్నవ్? ఎవరన్న పోయిన్రా?"

"ఎవరు పోలే. నా కొలువు పోయేటట్టున్నది."

ఆమె ఇంకేమీ అడగకుండా గంజి గిన్నె ముందు పెట్టింది. అడిగి లాభం లేని విషయాలు అడగకపోవడం ఆమెకున్న మంచి గుణం. ఇంకో గుణం కూడా ఉంది, ఇంట్లోకి వచ్చిన ఏ గుడ్డముక్కనూ వదిలిపెట్టదు. దీపం చిమ్నీ తుడవడానికి మూలనున్న పసుపుపచ్చ మూట మీద ఆమెకు వారంనుంచీ కన్నుంది. ఇప్పుడు విప్పి ఒక్క దులుపు దులిపింది. లోపలి పిన్నులు దొర్లుకుంటూ వచ్చి యెషయా కాలికి తగిలాయి.

అతను గంజి తాగుతూనే ఒకదాన్ని తీసి, గ్రీజు బొటనవేలితో తుడిచి, పైకొస చూశాడు. నున్నగా ఉంది. రెండోది తీశాడు. అదీ నున్నగానే ఉంది. గిన్నె కింద పెట్టాడు.

"గీ పిన్నులు మనయి గావు," అన్నాడు.

రెండేళ్ళ కింద ఆ బండికి పిన్నులు వేసినప్పుడు అల్లాఉద్దీన్ ప్రతిదాని పైకొస మీదా, గుర్తులు కొట్టే మొనదేలిన ఉక్కు పంచిని ఆనించి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టాడు. మూడు చిన్న చుక్కలు, పొయ్యి మీది మూడు రాళ్ళలాగా. "ఇది నా గుర్తు, భాయ్. రేపు ఏమన్నయితే నేనెయ్యలే అనెటందుకు నాకే మోకా ఉండొద్దు," అన్నాడప్పుడు. ఈ పిన్నులకు చుక్కలు లేవు. అంటే ఇవి ఏ లారీవో, ఏ పాతసామాను కుప్పలోవో. మరి చుక్కలున్నవి ఎక్కడున్నట్టు?

మరునాడు పొద్దున పెట్రోలు పోయించుకొస్తానని చెప్పి యెషయా బండి తీశాడు. చిలకలగూడ వైపు తిప్పాడు. షెడ్డు ముందు ఆపే ధైర్యం మాత్రం చాలలేదు. వెనక సందులో, పాత గోడ చాటున, బండి పక్కనున్న మిషన్ పేరు గోడ వైపుకు వచ్చేటట్టు ఆపి, మూట చంకలో పెట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళాడు.

నాలుగు బండ్లు వరసగా నిలబడే చోట ఒక మేక పడుకుని ఉంది. షెడ్డులో అల్లాఉద్దీన్ గొంతుక్కూర్చుని ఎవరిదో కిరసనాయిలు స్టవ్వు బాగుచేస్తున్నాడు. ఇంజన్లు విప్పే ఆ పెద్ద చేతుల్లో సన్నటి పిన్నీసు చిక్కుకున్నట్టుంది. తల ఎత్తి చూసి, నిన్నగాక మొన్న వచ్చి వెళ్ళిన మనిషిని పలకరించినట్టే పలకరించాడు.

"రా భాయ్, కూసో. అందరు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నరు, ఉస్తాద్. రావాల్ననే అనుకున్న... పని... గీ మధ్యల..."

"బండేది?"

"వెనక సందుల."

అల్లాఉద్దీన్ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "మంచిగ చేసినవ్," అని లేచి, జాకీ, సుత్తి, ఒక పాన తీసుకుని బయల్దేరాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండునని యెషయాకు అనిపించింది. లేదు.

యెషయా చెరువు కట్ట, తాడు, బిల్లు, కమిటీ అన్నీ వరసగా చెబుతుంటే వింటూనే ముందు చక్రాన్ని నేలనుంచి బెత్తెడు లేపాడు. పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు. చక్రం టకటకమని కొట్టుకుంది.

"లోపలికెక్కి బ్రేక్ తొక్కు."

యెషయా ఎక్కి తొక్కాడు. అల్లాఉద్దీన్ మళ్ళీ ఊపాడు. అదే చప్పుడు.

"బ్రేక్ తొక్కినంక ఊగుడు ఆగితే చక్రం బేరింగుల తక్లీఫ్ ఉన్నట్టు. ఆగలే. గిది పిన్నే. యాదికుంచుకో, ఎవ్వరి ముంగటన్న నువ్వే చేసి సూపెట్టొచ్చు." సుత్తితో చిన్నగా తట్టి పిన్ను మీది మూత తీశాడు. చూపుడువేలికి గుడ్డ చుట్టి గ్రీజు తుడిచాడు. "రా, సూడు."

మూడు చుక్కలు. పొయ్యి మీది మూడు రాళ్ళలాగా.

అల్లాఉద్దీన్ తల ఇంకా కిందికి వంచి, పాన కొసతో బుష్షు కింద చూపించాడు. పచ్చరంగు రేకుముక్క అంచు వెంట్రుకంత బయటికి వచ్చి మెరుస్తోంది.

"సిగరెట్ డబ్బా రేకు. నీ పాత పిన్నుకే గిది చుట్టి, గ్రీజు దట్టించి పంపిండు. వారం దినాలు ఊకుంటది. రేకు నలిగినంక మల్లా షురూ. నీ చేతుల తప్పేం లేదు భాయ్, నీ చేతులు లేకుంటె ఇప్పటికి చెరువుల ఉండేటోళ్ళు."

యెషయాకు కళ్ళు తడిశాయి. నిన్నటినుంచీ తన చేతులను తానే అనుమానించాడు, ఒకరు వాటిని మంచివని చెప్పగానే గుండె కరిగింది. రేకును పట్టి లాగబోయాడు.

"అద్దు, ఇప్పుడే గుంజకు. మీ సార్ ముంగట గుంజు. మూతను సుత ఆయన ముంగటనే తియ్యి." అల్లాఉద్దీన్ మూతను మళ్ళీ తట్టి కూర్చోబెట్టాడు. "పిన్నులైతే నిజంగనే అరిగినయి, మార్చాలె. నేను ఒక్క దినంల చేస్త. కని నేను జేస్తె నీ కొలువుకు పరేషాన్. ఆడనే చేయించు. తాడు గీడు అంటె ఇనకు, పక్కనే నిలబడు. రేటు ముందుగాల కాయితం మీద రాయించు, హాలీనా కల్దారా అన్నది సుత. మూట ఆడనే ఇప్పి సూసుకో. నేనిచ్చిన మూట సుత సూసుకోవాల్నే ఉండె నువ్వు."

"నీ మూట ఎందుకు సూస్త, ఉస్తాద్?"

"గదే తప్పు."

గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్ళనే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. అడగడం అలవాటు లేని మనిషి అడగబోతున్నాడని యెషయాకు అర్థమైంది.

"ఒక్క మాట, భాయ్. సార్ అడిగితె నా పేరు జెర చెప్పు. చుక్కలు అల్లాఉద్దీన్ పెట్టినయి అని. నాకు ఇనాం గినాం అద్దు. మిషన్ బండి ఒక్కసారి నా షెడ్డు ముంగట నిలవడితె చాలు, అది సూసి నలుగురొస్తరు. రెండు నెల్లాయె, ఒక్క బండి ముంగట ఆగలే. వచ్చేటోళ్ళు సుత సందుల్నుంచే వస్తున్రు."

"చెప్త ఉస్తాద్," అన్నాడు యెషయా. "తప్పక చెప్త." ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే చెప్పాలనుకున్నాడు. ఆ మేరకు అతని మీద నింద వెయ్యకూడదు.

శనివారం పొద్దున దవాఖానా ఆవరణలో కుర్చీలు వేశారు. రిచర్డ్ గారు, గుడి పాస్టరు అయ్యగారు, కమిటీ పెద్ద ఒకాయన కూర్చున్నారు. నోవహు తెల్లచొక్కాలో వచ్చి అందరినీ పేరుపేరునా పలకరించి, చివర యెషయాను కూడా "బాగున్నావా బాబూ" అన్నాడు. వరండాలో మేబెల్ కట్టుగుడ్డలు చుట్టలు చుడుతూ ఇటే చూస్తోంది.

యెషయా ఎక్కువ మాట్లాడలేదు. మాటల్లో ఎప్పుడూ ఓడిపోయే మనిషి కాబట్టి చేతులతోనే చెప్పాడు. జాకీ పెట్టి చక్రం లేపాడు. ఊపి చూపించాడు. మేబెల్‌ను పిలిచి బ్రేకు తొక్కమని, మళ్ళీ ఊపాడు. రిచర్డ్ గారిని దగ్గరికి పిలిచి, మూత తీసి, గ్రీజు తుడిచి, మూడు చుక్కలూ చూపించాడు. ఆ తర్వాత పసుపుపచ్చ గుడ్డ నేల మీద పరిచి, చుక్కల్లేని పిన్నులు దాని మీద పెట్టాడు. ఆఖరున పటకారుతో రేకును లాగాడు. నలిగిన పచ్చ రేకు పాముపిల్లలా మెలికలు తిరిగి బయటికి వచ్చింది.

"పాత పిన్ను బండిలనే ఉన్నది సార్. కొత్తది బిల్లుల ఉన్నది."

అంత పొడుగు మాట, అంత సూటిగా, అతని నోటినుంచి రావడం రిచర్డ్ గారు ఎన్నడూ వినలేదు. అయ్యగారు దగ్గారు. కమిటీ పెద్ద రేకును తీసుకుని ఎండలో తిప్పి చూశాడు. నోవహు ముఖం ఒక్కసారి నల్లబడింది. అయితే అలాంటివాళ్ళకు మాటలకు కరువుండదు.

"పనివాణ్ణి నమ్మితే ఇలాగే అవుతుందండీ! ఇవాళే వాడి సంగతి చూస్తాను. సరే, కొత్తవి నేనే వేయిస్తాను, పైసా అక్కర్లేదు. కానీ నాకో అనుమానం." యెషయా వైపు తిరిగాడు. "ఈ చుక్కల సంగతి, ఈ రేకు సంగతి నీకై నీకు తట్టినవి కాదు బాబూ. ఎవరో చెప్పారు. ఆ చిలకలగూడ రజాకారు మేస్త్రి దగ్గరికి పోయావు కదూ?"

ఆవరణ అంతా చల్లబడిపోయినట్టయింది. రిచర్డ్ గారు కళ్ళజోడు తీశారు.

"యెషయా, మిషన్ బండి అక్కడికి వెళ్ళిందా?"

వెళ్ళింది అనాలి. నాలుక దాకా వచ్చింది కూడా. వెళ్ళింది అంటే చేతిలో ఉన్న రేకు విలువ పోతుంది, పిన్నుల విలువ పోతుంది, అక్కడికి ఎందుకు వెళ్ళావన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. ఇంట్లో గంజి గిన్నె, ప్రేమమణి మౌనం, అర్జీ పెట్టుకుని కాచుకున్న మిలిటరీ డ్రైవరు, అన్నీ ఒక్కసారే అతని ముందుకు వచ్చి నిలబడ్డాయి. యెషయా అలిసిపోయి ఉన్నాడు. ధైర్యానికి కూడా కాస్త ఒంట్లో సత్తువ ఉండాలి.

"లేదు సార్. పోలే."

"మరి ఈ చుక్కలు ఎవరివి?"

"నావే సార్," అన్నాడు. "గుర్తుంటదని నేనే పెట్టుకున్న."

తిరిగి వరండాలో కూర్చున్న మేబెల్ కట్టుగుడ్డ చుట్టే చెయ్యి ఆగింది. ఆమె తల ఎత్తలేదు. కాసేపటికి మళ్ళీ చుట్టసాగింది.

రిచర్డ్ గారి ముఖం తేటపడింది. అపార్థం చేసుకున్నానని పదిమందిలో ఒప్పుకోవడం ఆయనకు తెలుసు. ఒప్పుకున్నారు. అయ్యగారు నమ్మకస్తుల గురించి నాలుగు మంచిమాటలు చెప్పారు. కమిటీ పెద్ద ఒక ఆలోచన చెబితే అక్కడికక్కడే ఖాయమైంది. ఇకనుంచి మిషన్ బండి ఎక్కడ బాగుచేతకు వెళ్ళినా యెషయా దగ్గర నిలబడి చూడాలి. వేసిన ప్రతి సామాను మీదా యెషయా గుర్తు, ఆ మూడు చుక్కలు, పడాలి. స్టోరులోంచి కొత్త పంచి ఒకటి తెప్పించి అతని చేతికిచ్చారు. అల్లాఉద్దీన్ పదిహేనేళ్ళుగా కొడుతున్న గుర్తు పావుగంటలో యెషయాది అయిపోయింది, అదీ మిషన్ ఖర్చుతో.

ఆ మధ్యాహ్నం గరాజులో తాడు లేచింది. యెషయా పక్కన నిలబడ్డాడు. నూనె కాగితంలోంచి కొత్త పిన్నులు విప్పడం చూశాడు, పానాలు అందించాడు, పాతవి తీసి మూటగట్టకముందే రెండూ లెక్క చూసుకున్నాడు. అన్నీ అల్లాఉద్దీన్ చెప్పినట్టే చేశాడు. పని చేస్తున్నవాడు ఫకీర్ అనే బక్కపలచటి మనిషి. పొద్దున నోవహు చెప్పిన ఆ "పనివాడు" ఇతనే. చెంప ఇంకా ఎర్రగా కంది ఉంది. రేకు చుట్టమన్నదెవరో అతని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

చుక్కలు కొట్టే వేళ వచ్చింది. యెషయా పంచి ఆనించి సుత్తి ఎత్తాడు. ఉక్కు మీద పంచి జారి మొదటి చుక్క గీత అయింది. రెండోది అంచుకు పోయింది. ఫకీర్ చూసి చూసి, యజమాని నోవహు అవతలికి వెళ్ళాక, చిన్నగా అన్నాడు.

"గట్ల గాదన్నా, బొటనేలు ఆనించి పట్టాలె. గీ గుర్తు అల్లాఉద్దీన్ ఉస్తాద్‌ది గద? నేను ఆడనే పని నేర్చిన."

యెషయా వినబడనట్టు మూడో దెబ్బ కొట్టాడు. స్టీరింగు వెనక ఇరవై రెండేళ్ళు గడిపిన మనిషికి ఇంత నున్నటి ఉక్కు మీద మూడు చుక్కలు పెట్టడం ఇంత కష్టమని తెలియలేదు.

ఆదివారం గుడిలో నోవహు ఎప్పటిలాగే పైకప్పు అదిరేటట్టు పాడాడు. యెషయా పుస్తకం తెరిచి పట్టుకున్నాడు, గొంతు కలపలేదు. చెయ్యని పనికి నోవహు బిల్లు రాశాడు. తాను పెట్టని చుక్కలకు మెప్పు పుచ్చుకున్నాడు. రెండింటికీ తేడా ఎక్కడుందో పాట అయ్యేదాకా వెతికాడు, దొరకలేదు. ప్రేమమణి మోచేత్తో పొడిచింది, కూర్చోమని. అందరూ కూర్చున్నాక కూడా తానొక్కడే నిలబడి ఉన్నాడు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి బండి తిరుమలగిరి దారి పట్టవలసింది. స్టీరింగు వెన్నలా తిరుగుతోంది. యెషయా చిలకలగూడ వైపు తిప్పాడు.

"ఇటెందుకన్నా?" అంది పక్కన కూర్చున్న మేబెల్.

"టైర్లల్ల గాలి చూపియ్యాలె సిస్టర్."

"పొద్దున్నే గద కొట్టినవ్?"

"జెర తగ్గినట్టున్నది."

మేబెల్ అతని వైపు చూసింది. శనివారం వరండాలో చూడకుండా దాచుకున్న చూపు అది. "తగ్గే ఉంటది," అని కిటికీ బయటికి తిరిగి కూర్చుంది.

ఈసారి సందులోకి పోలేదు. వీధిలోంచి వచ్చి షెడ్డుకు ఎదురుగా, మిషన్ పేరు వీధి వైపుకు కనబడేటట్టు, నడిమధ్య ఆపాడు. మేక లేచి పక్కకు పోయింది. యెషయా రెండుసార్లు హారను కొట్టాడు. ఎదురు హోటల్లో టీ తాగుతున్నవాళ్ళు తలలు తిప్పారు. టాంగా స్టాండులో ఉన్న నలుగురూ తిప్పారు. ఈ వీధినుంచి రిచర్డ్ గారి చెవికి కబురు చేరడానికి మధ్యాహ్నం దాకా కూడా పట్టదని యెషయాకు తెలుసు. దిగి, గొంతు పెంచి అన్నాడు.

"ఉస్తాద్! గాలి జెర చూడు!"

అల్లాఉద్దీన్ వచ్చాడు. ముందు టైరు దగ్గర కూర్చుని బొటనవేలితో నొక్కాడు. రాయిలాగా ఉంది. తల ఎత్తి యెషయాను చూశాడు. తర్వాత హోటలు వైపు, టాంగాల వైపు చూశాడు. లోపలికి వెళ్ళి, రెండు నెలలుగా ముట్టని పంపు దుమ్ము దులిపి తీసుకొచ్చాడు.

యెషయా అతని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఉస్తాద్, నీ పేరు చెప్పలే."

పంపు పైకీ కిందికీ ఆడుతోంది.

"చుక్కలు నావే అన్న. ఆఫీసోళ్ళు పంచి సుత ఇచ్చిన్రు."

పంపు ఆగింది. అల్లాఉద్దీన్ చేతివెనకతో మీసం తుడుచుకున్నాడు. యెషయా తిట్టు కోసం ఎదురుచూశాడు. పడితే కొంత బరువు దిగేది.

"మంచిగ వడ్డయా?" అన్నాడు అల్లాఉద్దీన్ చివరకు.

"లే. వంకర వడ్డయి."

"పడతయి. షురూల నావి సుత వంకరనే వడ్డయి." లేవబోతున్న యెషయా మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. "లేవకు. తొందరేమున్నది, ఇంక మూడు టైర్లున్నయి."

ఆ మూడింటికీ అతను పట్టాల్సినంత టైము పట్టించాడు. నొక్కాడు, విన్నాడు, ఉమ్మి తడి పెట్టి చూశాడు, ఏమీ అవసరంలేని చోట పాన వేసి తిప్పాడు. పని చూపించడానికి పని చేయడం అతను జన్మలో ఎరుగడు. అందుకేనేమో చేతులు కాస్త తడబడ్డాయి. హోటలు ముందునుంచి టాంగా తోలే రాములు లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాడు. తన టాంగా ఇరుసు చప్పుడు చేస్తోందని, ఎప్పుడు తెమ్మంటావని అడిగాడు.

"ముంగటికే తేరా భాయ్," అన్నాడు అల్లాఉద్దీన్, తల ఎత్తకుండా.

అంతా అయ్యాక యెషయా జేబులో చెయ్యి పెట్టాడు. ఈ షెడ్డులో గాలికి ఎన్నడూ పైసలు ఇచ్చింది లేదు, ఇస్తే అల్లాఉద్దీన్ పుచ్చుకున్నదీ లేదు. ఇవాళ మాత్రం అతను లేచి నిలబడి, చేతులు తుడుచుకుని, వీధి కొసదాకా వినబడేటట్టు అన్నాడు.

"రెండణాలు!"

యెషయా ఇచ్చాడు. చెయ్యని పనికి అల్లాఉద్దీన్ పైసలు పుచ్చుకోవడం అదే మొదటిసారి. వాటిని పిడికిట్లో పట్టుకుని, బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.